కోడూరు మడ అడవిలో ఏరుకుని తిన్న రోజులు

మా పెడనలో నాకు తెలిసినవాళ్ళందరికీ నోటితో చెప్పేశాను. అద్దకం బల్లల దగ్గర చెప్పాను, రంగు ఉడికే పొయ్యి దగ్గర చెప్పాను, గుడ్డలు జాడించే కాలవ గట్టున చెప్పాను. మా ఆయనైతే, "పద్మా, ఆ పీత సంగతి ఇంకోసారి ఎత్తావంటే నేనే వెళ్ళి ఆ బురదలో దూకుతాను" అంటున్నారు. ఇక్కడ వినేవాళ్ళు అయిపోయారు గనుక, అటువైపు ఎప్పుడూ వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను.

నాది కలంకారీ పని. మా ఇంట్లో అన్నీ నిలవ ఉండాలి. కరక్కాయ, పటిక, కోరా గుడ్డ, ఏడాదికి సరిపడా బియ్యం, డబ్బాల్లో పప్పులు, జాడీల్లో పచ్చళ్ళు. కొట్టు గదిలో ఒక మూల ఖాళీగా కనిపించినా నాకు నిద్ర పట్టదు. అలాంటి నన్ను, రేపటి కూర ఏమిటో ఈ రోజు తెలియని మనుషుల దగ్గరికి లాక్కెళ్ళింది ఎస్తేరు టీచరు గారు.

ఆవిడ గుడివాడలో సోషల్ చెప్పి రిటైరయ్యారు. మా అమ్మాయికి చదువు చెప్పిన దగ్గర్నుంచి మాకు స్నేహం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ప్రతి జూన్‌లోనూ ఆవిడ చెప్పే మొదటి పాఠం ఒక్కటేనట: పంటలు పండించడం తెలియక ముందు మనిషి వేటాడి, ఏరుకుని బతికాడు అని. "ఇన్నేళ్ళూ బొమ్మ చూపించి చెప్పానమ్మా. ఒక్కసారైనా నా చేత్తో నేను ఏరుకుని తినాలి" అన్నారు ఫోనులో. హాస్టల్లో ఉండి ఆవిడ దగ్గర చదువుకున్న సంధ్య అనే అమ్మాయి ఇప్పుడు విజయవాడలో నర్సు. వాళ్ళు యానాదులు. అమ్మానాన్నా కోడూరు దగ్గర పీతలు పడతారు. ఎప్పటినుంచో రమ్మంటున్నారట. "తోడు వస్తావా?" అన్నారు. నేను పొయ్యి ఆర్పేసి బ్యాగు సర్దుకున్నాను.

పెడన నుంచి బందరు

గుడివాడ బస్సు పెడనలో ఆగేసరికి టీచరు గారు కిటికీలోంచి చెయ్యి ఊపుతున్నారు. పక్క సీట్లో సంచీ పెట్టి నాకోసం కాపలా కాశారు. ముందు సీట్లో ముదినేపల్లి చేపల చెరువుల ఆసామి ఒకాయన. మేము వేటకి వెళ్తున్నామని వినగానే పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చున్నాడు.

"ఈ రోజుల్లో వేటేంటండీ! మా చెరువులో మేత బస్తా విప్పిన చప్పుడు వింటే చాలు, చేపలే గట్టు దగ్గరకొచ్చేస్తాయి. కోళ్ళఫారమూ అదీ ఒకటే."

"మరి మీ ఇంట్లో ఏ చేప వండుకుంటారు?" అని టీచరు గారు అడిగారు.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కాలవ చేపండీ. దాని రుచి వేరు."

మేమిద్దరం పగలబడి నవ్వితే ఆయన కూడా నవ్వేశాడు.

బందరులో బస్సు మారాలి. మధ్యలో హల్వా కొన్నాం. నెయ్యి ఓడుతున్న ముక్క నోట్లో పెట్టుకుంటూనే టీచరు గారు పాఠం మొదలుపెట్టారు. "మనిషి పుట్టిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా గడిచిన కాలమంతా పెడన నుంచి కోడూరు దాకా మన ప్రయాణం అనుకో పద్మా. వ్యవసాయం ఎక్కడ వస్తుందో తెలుసా? కోడూరు వచ్చేసింది, దిగాలి, సీటు కింద చెప్పులు వెతుక్కుంటున్నాం చూడు, అక్కడ! అంతకుముందు దారంతా ఏరుకుని తిన్నదే."

నేను హల్వా ముక్క చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాను. మా బియ్యం బస్తాలు, మా జాడీలు, అవన్నీ చెప్పులు వెతుక్కునే కాలంలోవేనా!

"ఇంకో మాట" అన్నారు ఆవిడ వేళ్ళు తుడుచుకుంటూ. "వాళ్ళని ఆదిమానవుల్ని చూసినట్టు చూడకు. నీలాగా నాలాగా ఈ కాలం మనుషులే. విద్య మాత్రం పాతది."

ఘంటసాల పొలాల్లో

చల్లపల్లిలో దిగి ఆటోలో ఘంటసాల వెళ్ళాం. అక్కడి బౌద్ధ స్తూపం చూడాలని టీచరు గారి పట్టు. ఇటుకల దిబ్బ చుట్టూ తిరుగుతూ, సముద్రం మీద సరుకులు తెచ్చుకున్న వర్తకుల గురించి ఆవిడ చెప్తుంటే నేను వింటూనే ఉన్నాను గానీ నా కళ్ళు మాత్రం పొలాల మీదే ఉన్నాయి. కోతలు అయిపోయాయి. ఒక చేలో గట్టు పక్కన పొగ లేస్తోంది. మంటేమీ కనిపించడం లేదు. పొగ భూమిలోకి పోతోంది!

దగ్గరికి వెళ్ళాం. వీరాస్వామి అనే పెద్దాయన ఎలుక కలుగు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. గడ్డి కూరిన కుండ మూతి కలుగుకి ఆనించి, కుండ అడుగున ఉన్న చిల్లిలోంచి ఊదుతున్నాడు. బుగ్గలు ఉబ్బి కళ్ళు ఎర్రబడ్డాయి. భార్య అవతలి కన్నం దగ్గర బుట్ట బోర్లించి పట్టుకుంది. చేను గలాయన, భాస్కరరావు గారు, గట్టు మీద నిలబడి చూస్తున్నారు.

"ఈళ్ళు రాకపోతే పంటలో సగం ఎలుకలకేనండీ" అన్నారు భాస్కరరావు గారు. "మందు పెడితే పాములూ పిట్టలూ కూడా చస్తన్నాయి. అందుకే ప్రతి ఏడూ వీరాస్వామికి కబురు పెడతా."

బుట్టలో దబదబా చప్పుడైంది. ఆవిడ ఒక్క అదుము అదిమింది. నేను గట్టు మీదకి ఎగిరాను. టీచరు గారు మాత్రం ముందుకి వంగి చూస్తున్నారు.

ఆ తర్వాత జరిగిందే నాకు నచ్చింది. వీరాస్వామి గునపంతో కలుగు తవ్వాడు. అడుగున ఒక చిన్న గది. దాని నిండా వరి వెన్నులు, కుదురుగా ఒకదాని పక్కన ఒకటి! మా కొట్టు గది కంటే నీటుగా సర్ది ఉన్నాయి. "ఇవెవరివి?" అని అడిగాను.

"తవ్వినోళ్ళయి" అన్నాడు వీరాస్వామి.

"మా తాత కాలం నుంచీ అంతేనండీ" అన్నారు భాస్కరరావు గారు. "చేను నాదే. ఎలుక దాచుకుంది మాత్రం వాళ్ళది."

గడ్డి మంటలో ఎలుకల్ని కాల్చి, ఉప్పు రాసి మాకూ పెట్టారు. టీచరు గారు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని ముక్క నోట్లో వేసుకున్నారు. "మెత్తగా ఉంది పద్మా, పిట్ట మాంసంలా ఉంది" అన్నారు. నావల్ల కాలేదు. వీరాస్వామి భార్య నా మొహం చూసి నవ్వి, ఎలుక దాచుకున్న వెన్నునే మంటలో తిప్పి నా చేతికిచ్చింది. గింజలు చిటపటలాడి పేలాయి. ఊక ఊదుకుంటూ నిలబడే తిన్నాను. ఆ వేడి గింజల వాసన రాయడం నాకు చేతకావడం లేదు.

కోడూరు

సాయంత్రానికి కోడూరులో దిగాం. సంధ్య వాళ్ళమ్మ పోలమ్మ మోపెడ్ వేసుకుని వచ్చింది. నడివయసు మనిషి, బక్కగా, గట్టిగా ఉంది. టీచరు గారిని చూడగానే రెండు చేతులూ పట్టుకుంది. నన్ను చూసి, "ఈవిడెవరండీ, మీ మరదలా?" అంది. కాదని చెప్పేలోపే నేను ఆవిడకి "వదిన" అయిపోయాను. ఒకే మోపెడ్ మీద ముగ్గురం, రెండు బ్యాగులు. రొయ్యల చెరువుల గట్ల మధ్య గతుకుల్లో టీచరు గారు స్తోత్రం స్తోత్రం అంటూనే ఉన్నారు.

వాళ్ళ పేట తుఫాను షెల్టరు దాటాక ఉంది. చిన్న చిన్న డాబాలు, గుమ్మాల్లో ఆరేసిన వలలు, గోడకి ఛార్జింగ్ పెట్టిన ఫోన్లు. పోలమ్మ భర్త ఏడుకొండలు వాకిట్లో కూర్చుని ఇనప కొక్కెం మొన సానబెడుతున్నాడు. మాట తక్కువ మనిషి. నవ్వు మాత్రం వెంటనే వస్తుంది.

అన్నం రేషను బియ్యానిది. పులుసు చిన్న చేపలది. చింతకాయ వేసి కాచారు. తిన్నాక నేను అలవాటు కొద్దీ గిన్నెలు వెతికాను. మా ఇంట్లో రాత్రి మిగిలింది ఫ్రిజ్‌లోకి వెళ్తుంది. ఇక్కడ ఏమీ మిగల్లేదు. మూలన ఉన్న ఫ్రిజ్‌లో మంచినీళ్ళ సీసాలు తప్ప ఇంకేమీ లేవు.

"మరి రేపు కూరేంటి పోలమ్మా?" అన్నాను, ఉండబట్టలేక.

పోలమ్మ పడీ పడీ నవ్వింది. "రేపటి కూర ఇంకా పాయలో తిరుగుతంది వదినా!"

మడ చెట్ల కింద

పొద్దున్నే నావ ఎక్కాం. ఏడుకొండలు గెడ వేస్తుంటే పాయ సన్నబడుతూ వెళ్ళింది. రెండు వైపులా మడ చెట్లు. నీళ్ళు తీసేస్తున్న పాటు సమయం. బురదలోంచి చెట్ల వేళ్ళు గాలి కోసం పైకి పొడుచుకొచ్చి, మా అచ్చుల చెక్క మీద కొట్టిన మేకుల్లా వరసగా నిలబడి ఉన్నాయి. ఎన్నిసార్లు మడ అడవి అనే మాట విన్నానో! చెట్లు నీళ్ళలో నిలబడి ఊపిరి పీల్చుకోవడం మాత్రం ఇప్పుడే చూశాను.

"ఆ చెట్టు తిల్ల. దాని పాలు కంట్లో పడితే చూపు పోద్ది. కొమ్మ విరవొద్దు" అంది పోలమ్మ. "చెట్ల ఏళ్ళున్న చోటే కాలు పెట్టండి. నున్నగా ఉన్న బురదలో పెట్టొద్దు."

ఏడుకొండలు గోనెసంచి భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మేము పోలమ్మ వెంట నడిచాం. ఆవిడ ఒక కన్నం దగ్గర ఆగి వంగింది. కన్నం నోటి దగ్గర బురద కొత్తగా, తడిగా ఉంది. కొక్కెం మెల్లగా లోపలికి పోనిచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విన్నట్టుగా తల వంచింది. "ఉంది" అని కొక్కెం నా చేతికిచ్చేసింది.

"నేనా!"

"మీరే. లాగొద్దు. అదే పట్టుకుంటది."

కొక్కెం చివర ఏదో గట్టిగా తగిలింది. తర్వాత, నిజంగానే, లోపల్నుంచి ఎవరో దాన్ని పట్టుకుని గుంజారు! నా ఒళ్ళంతా ఝల్లుమంది. ఆ చీకట్లో ఉన్నదానికీ నాకూ మధ్య ఒక ఇనప ఊచ. అది అటు లాగుతోంది, నేను ఇటు లాగుతున్నాను. "మెల్లగా, మెల్లగా" అంటోంది పోలమ్మ. నేను మోకాళ్ళ మీద కూలబడ్డాను, చీర సంగతి మర్చిపోయాను, బురద మొహం మీద పడింది. ఆఖరికి పటకారులాంటి నల్లటి డెక్క ఒకటి బయటికొచ్చింది, దాని వెనక మా అన్నం పళ్ళెమంత పీత. పోలమ్మ కాలితో దాని వీపు అదిమి, డెక్కలు తాడుతో కట్టేసేసరికి నేను గట్టిగా కేక పెట్టాను. భయంతో కాదు. అలాంటి కేక నా గొంతులో ఉందని నాకే తెలియదు.

"ఇవి మండపీతలు. బతికుంటేనే ధర. కంపెనీవాళ్ళు బండిమీద పట్టుకెళ్తారు" అంది పోలమ్మ. ఆ పీత కిలో ధర చెప్పింది. మా మేలురకం దుప్పటికి కూడా అంత రాదు. "పెద్దయి అమ్ముతాం. చిన్నయి, కాళ్ళు ఊడినయి కూరకి. కానీ వదినా, ముందున్నన్ని లేవు. పాయలు మూసేసి చెరువులు తవ్వేశారు. మా సంధ్యని అందుకే ఇందులోకి రానివ్వలేదు."

ఒండ్రులో

మధ్యలో ఏడుకొండలు వచ్చి మా పీతని కూడా తన సంచిలో వేసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళాడు. నీళ్ళు మళ్ళీ పెరగడం మొదలైంది. నావ దగ్గరికి వెనక్కి వస్తున్నాం. పాయ అంచున వందల కొద్దీ చిన్న పీతలు. ఒక్క డెక్కే పెద్దది, ఎర్రగా ఉంది. అన్నీ కలిసి ఆ డెక్కలు ఊపుతున్నాయి. "పద్మా, మనల్ని రమ్మంటున్నాయే!" అంటూ టీచరు గారు ఫోను తీసి రెండడుగులు ముందుకేశారు. ఆ రెండడుగులూ నున్నటి బురద మీదే.

మొదట మోకాళ్ళ దాకా. "అయ్యో, దిగబడ్డానే" అన్నారు నవ్వుతూనే. ఒక కాలు లాగబోయారు, రెండోది ఇంకా లోపలికి పోయింది. నేను చెయ్యి అందించబోతే పోలమ్మ నా జబ్బ పట్టి వెనక్కి లాగింది. "మీరూ దిగుతారు!" అని, అడవిలోకి తిరిగి నోటి దగ్గర చేతులు పెట్టి పెద్ద కూత వేసింది. లోపల్నుంచి ఏడుకొండలు కూత వినిపించింది. అప్పటికే టీచరు గారు తొడల దాకా బురదలో ఉన్నారు. పాయ నీళ్ళు ఆవిడ చీర కుచ్చెళ్ళని తడుపుతున్నాయి.

ఏడుకొండలు చెట్ల మధ్య నుంచి పరుగెత్తుకొచ్చాడు. భుజాన ఉన్న గోనెసంచి గట్టున పడేసి నావలోకి దూకాడు. నావ అడుగున పరిచిన చెక్కలు ఊడదీసి టీచరు గారి చుట్టూ బురద మీద పరిచాడు. పోలమ్మ చెక్క మీద బోర్లా పడుకుని మోచేతుల దాకా బురదలో పెట్టి ఆవిడ కాలి చుట్టూ తవ్వడం మొదలుపెట్టింది. నేను ఇంకో చెక్క మీద మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ చంకల కింద చేతులు వేసి పట్టుకున్నాను.

"లాగొద్దు టీచరమ్మా. కాలు ఊపండి. మెల్లగా ఊపండి. నీళ్ళు కిందకి దిగాలి" అంటున్నాడు ఏడుకొండలు, నావలో నీళ్ళు తోడే డొక్కుతో నీళ్ళు తెచ్చి కాలి పక్కన పోస్తూ.

తవ్విన బురద మళ్ళీ వచ్చి పూడుకుంటోంది. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. "పద్మా, నా కళ్ళజోడు తీసి లోపల పెట్టు. కొత్తది" అన్నారు టీచరు గారు. మాట మామూలుగానే ఉంది. కానీ ఆవిడ గుండె కొట్టుకోవడం నా చేతులకి తెలుస్తోంది, పిట్ట గుండెలాగా. ఆ తర్వాత ఆవిడ ప్రార్థనలోకి వెళ్ళిపోయారు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. నేను కూడా నాకు వచ్చిన దేవుళ్ళందరినీ తలుచుకున్నాను. గుడివాడలో ఆవిడ భర్త గారికి ఏమని ఫోను చెయ్యాలి అనే ఆలోచన ఒక్కసారి వచ్చింది. దాన్ని బలవంతంగా తోసేశాను.

"కదిలింది!" అంది పోలమ్మ.

పెద్ద చప్పుడుతో ఒక కాలు బయటికొచ్చింది. ఏడుకొండలు ఆ కాలిని చెక్క మీద పెట్టించి, గెడని ఆవిడ చంకల కింద అడ్డంగా పెట్టాడు. నీళ్ళు ఛాతీని తాకుతుండగా రెండో కాలూ వచ్చింది. ముగ్గురం కలిసి ఆవిణ్ణి నావలోకి ఈడ్చాం. ఎవరి మీద ఎవరు పడ్డామో తెలియదు. టీచరు గారు వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ, "నా చెప్పులు..." అన్నారు. అంతే, నేను ఏడుస్తూ నవ్వడం మొదలుపెట్టాను. పోలమ్మ కూడా.

నవ్వు ఆగాక ఏడుకొండలు గట్టు వైపు చూశాడు. అక్కడ గట్టు లేదు, అంతా నీళ్ళే. గోనెసంచి లేదు. నేను పట్టిన పీతతో సహా ఆ రోజు వేట మొత్తం అందులోనే ఉంది. గెడతో అక్కడా ఇక్కడా పొడిచి చూశాడు. చివరికి తల గోక్కుని, "ఇయ్యాల అదృష్టం పీతలది" అన్నాడు. పోలమ్మ గెడ అందుకుని నావ తిప్పింది.

పంపకం

దారిలో టీచరు గారు పర్సు తీశారు. అది కూడా తడిసిపోయింది. "పోలమ్మా, నా వల్ల పోయింది గదా. ఆ సంచి ఖరీదు..."

"లోపల పెట్టుకోండి టీచరమ్మా" అంది పోలమ్మ. కోపంగా కాదు, నొచ్చుకున్నట్టుగా. "మనిషిని బయటికి లాగినందుకు డబ్బులు తీసుకుంటారా ఎవరన్నా?"

"లాగినందుకు కాదమ్మా, పీతలకి."

"పీతలు పాయలోనే ఉన్నయి. ఎక్కడికీ పోలేదు."

రేవులో మిగతా నావలు అప్పటికే వచ్చేశాయి. పెద్ద పీతల్ని కంపెనీ బండి తీసుకెళ్ళింది. అమ్మినది పట్టినవాళ్ళదే, అందులో ఎవరికీ వాటా లేదు. మిగిలిన చిన్న పీతలు, చేపలు తడి నేల మీద కుప్పగా పోసి ఉన్నాయి. సుబ్బులు అనే పెద్దావిడ, ఏడుకొండలుకి వదిన, కుప్పని వాటాలు వేస్తోంది. మా ఖాళీ నావ చూసింది. మా బురద మొహాలు చూసింది. ఏమయిందని పోలమ్మ రెండు ముక్కల్లో చెప్పింది. సుబ్బులు ఊఁ కొట్టి, నేల మీద ఇంకో వాటా మొదలుపెట్టింది, మాకోసం.

అంతా కళ్ళనీళ్ళ మధ్య ప్రేమగా జరిగిందనుకుంటున్నారేమో. పెద్ద గోల జరిగింది! కోటయ్య అనే ఆయన తన వాటాలో పీతకి కాలు లేదన్నాడు. సుబ్బులు, "నువ్వు పీత కాలు మీద నడుస్తావా?" అని అరిచింది. ఇంకొకావిడ తమ ఇంట్లో ఎక్కువమంది ఉన్నారని వాటా ముందు బైఠాయించింది. చేపలు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మారాయి. చివరికి అన్ని కుప్పలూ సమానమయ్యాయో, అందరూ అరిచి అలిసిపోయారో తెలియదు గానీ, ఎవరి వాటా వాళ్ళు ఎత్తుకున్నారు. వేటకే వెళ్ళని ఒక ఒంటరి ముసలావిడకి కూడా కుప్ప ఉంది. ఆవిడైతే అందరికంటే గట్టిగా అరిచింది.

నేను సుబ్బులుకి దణ్ణం పెట్టి, "చాలా సంతోషమమ్మా" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. పోలమ్మ నా చెవిలో, "మా వాటా మేం తీసుకుంటన్నాం వదినా. దణ్ణమెందుకు? రేపు వాళ్ళకి దొరకదు, మాకు దొరుకుద్ది" అంది.

ఆ సాయంత్రం వెల్లుల్లి, మిరపకాయ నూరి పెట్టిన పీతల పులుసు. డెక్కలు రాయితో పగలగొట్టుకుంటూ తిన్నాం. టీచరు గారు ఒంటి నిండా పోలమ్మ చీర చుట్టుకుని కూర్చున్నారు. చేతిలో డెక్క ఖాళీ అయ్యేదాకా తిన్నారు. తర్వాత, "పుస్తకంలో వేట బొమ్మ వేశారు పద్మా. చేతిలో బల్లెం, ఎదురుగా జంతువు. ఈ పంపకం బొమ్మ మాత్రం వెయ్యలేదు" అన్నారు. "ఇది లేకపోతే అంత కాలం ఎవడు బతికుండేవాడు?"

ఇసుక మేట మీద

మర్నాడు తిరుగు ప్రయాణం. నేను బ్యాగు సర్దేస్తున్నాను. టీచరు గారు మాత్రం గుమ్మంలో నిలబడి, "ఆడవాళ్ళు గుల్లలకి వెళ్తున్నారట. బస్సు మధ్యాహ్నానిదే గదా" అన్నారు. నిన్న ఆ బురదలోంచి లేచిన మనిషి! నేను వద్దన్నాను, పోలమ్మ రమ్మంది, టీచరు గారు పోలమ్మ మాటే విన్నారు. "ఇసకండీ అక్కడ, దిగబడరు" అని పోలమ్మ హామీ.

పాయ సముద్రంలో కలిసే చోట పెద్ద ఇసుక మేట. పేటలో ఆడవాళ్ళందరూ వచ్చారు. దారిలో ఇలకూర అనే పొట్టి మొక్క ఆకు గిల్లి ఒడిలో వేసుకుంటూ నడిచారు. నేనూ గిల్లి నోట్లో వేసుకున్నాను. ఉప్పుగా ఉంది, కూరలో ఉప్పు తగ్గించాలట! మా పెడన వాకిళ్ళలో ఆకుకూర కట్టలు కొని, ఇంకో కట్ట కొసరు వెయ్యమని గొడవపడే నాకు, దారి పొడవునా గిల్లుకుపోయేంత కూర ఉండటం పండగలా అనిపించింది.

గుల్లలంటే ఇసుకలో ఉండే ఆల్చిప్పలు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి అరికాళ్ళతో వెతకాలి. గట్టిగా తగిలితే వంగి తవ్వాలి. నాకు రాళ్ళు దొరికాయి, గాజుపెంకు దొరికింది, గుల్లలు మాత్రం గుప్పెడే. అందరూ ఒకచోట వెతుకుతుంటే టీచరు గారు కొంచెం దూరంగా, చీర ఎగగట్టుకుని, డాన్సు చేస్తున్నట్టు మడమలు తిప్పుతూ వెళ్ళారు. ఉన్నట్టుండి ఆగిపోయారు.

"పోలమ్మా! ఇక్కడ కింద... అన్నీ అవే!"

పోలమ్మ వెళ్ళి చెయ్యి పెట్టి చూసి కేక వేసింది. గుల్లల మడుగు! అందరూ పరుగెత్తారు. టీచరు గారు నీళ్ళలో చతికిలబడి రెండు చేతులా తోడుతున్నారు. కొంగు తడిసింది, జడ ఊడింది, కళ్ళజోడు మీద ఇసుక. "నేనే కనిపెట్టాను, నేనే!" అని చిన్నపిల్లలా అరుస్తున్నారు. ఆవిడ ఎన్ని జూన్‌లు పాఠం చెప్పి ఉంటారో, ఆ పాఠంలో ఎప్పుడూ ఇంత సంతోషం ఉండి ఉండదు.

బుట్ట నిండింది. ఒడ్డుకు వచ్చాక సుబ్బులు ఆ బుట్టని టీచరు గారి ముందు పెట్టింది. "నీకు తగిలినయి. నువ్వే పంచు."

ఆవిడ మొహంలో అంత బెరుకు నేను ఎప్పుడూ చూడలేదు. తడి ఇసుక మీద కుప్పలు పెట్టడం మొదలుపెట్టారు. ఒక్కో ఇల్లూ అడిగి తెలుసుకుని, ఒంటరి ముసలావిణ్ణి మర్చిపోకుండా, కోటయ్య ఇంటికి గొడవ రాకుండా ఇంకో గుప్పెడు వేసి, సుబ్బులు కుప్పని పోలమ్మ కుప్పతో కళ్ళతో కొలిచి. ఎవరో మా ఇంటికి తక్కువన్నారు, ఇంకెవరో కాదన్నారు, అందరితో పాటు టీచరు గారు కూడా అరిచారు! చివరికి బుట్ట ఖాళీ. ఆవిడ చేతులు దులుపుకుని లేచారు.

సుబ్బులు నడుం మీద చేతులు పెట్టుకుని ఆవిడకి అడ్డంగా నిలబడింది. "నీ వాటా ఏది?"

"నాకెందుకమ్మా, మేం బస్సెక్కి వెళ్ళిపోతున్నాం గదా."

"బస్సెక్కినోళ్ళకి ఆకలెయ్యదా? నీ వాటా తియ్యకుండా ఇంత సేపు ఏం పంచావు?"

ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఒక్కో ఆడమనిషి వంగి, తన కుప్పలోంచి గుప్పెడు తీసి, ఇసుక మీద కొత్త కుప్ప పోసింది. నిన్న కాలు లేని పీత కోసం కొట్లాడిన కోటయ్య వాళ్ళావిడ కూడా వేసింది. టీచరు గారు నా భుజం పట్టుకున్నారు. తర్వాత వంగి ఆ కుప్పని గోనెసంచిలోకి ఎత్తుకున్నారు.

మధ్యాహ్నం బస్సులో మా కాళ్ళ దగ్గర గోనెసంచి. అందులోంచి ఉప్పునీళ్ళు కారి సీట్ల కింద నుంచి ముందుకి పాకుతున్నాయి. అప్పుడప్పుడూ లోపల గుల్లలు టిక్కుమంటున్నాయి. అవనిగడ్డ దాటాక కండక్టరు ఆ నీళ్ళ దారి పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు.

"ఏంటమ్మా ఇదంతా? ఏం సరుకది? లగేజీ టిక్కెట్టు కొట్టాలి."

టీచరు గారు సంచిని రెండు కాళ్ళ మధ్యకి జరుపుకున్నారు. కళ్ళజోడు మీద ఇసుక ఇంకా అలాగే ఉంది.

"సరుకు కాదు బాబూ" అన్నారు. "మా వాటా."